ఎనిమిది శాతం పెంచినా ఆరుగురు మానేశారు: ఆటోనగర్‌లో ఒక జీతాల సవరణ

2025 సంక్రాంతి సెలవులు అయిపోయిన నాలుగో రోజున విజయవాడ ఆటోనగర్ నుంచి ఫోను వచ్చింది. లారీ విడిభాగాల హోల్‌సేల్ షాపు ఓనరు. వాళ్ళ జీతాల షీటు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రిటర్నులు పదేళ్ళుగా నేనే చూస్తున్నాను. కౌంటరు, గోడౌను, బిల్లింగు, లైను సేల్స్, డ్రైవర్లు అంతా కలిపి 38 మంది స్టాఫు. ఓనరు గారు మామూలుగా నెలాఖరుకి తప్ప ఫోను చెయ్యరు.

"ఏవండీ, పోయిన ఏప్రిల్లో అందరికీ ఎనిమిది శాతం వేశాను. ధరలు ఐదు శాతమే పెరిగాయని మొన్న పేపర్లో రాశారు. అంటే మూడు శాతం పైనే ఇచ్చినట్టేగా? మరి ఆరు నెలల్లో ఆరుగురు ఎందుకు మానేశారండీ?"

ఆయన చెప్పిన అంకెలో తప్పు లేదు. 2024 డిసెంబర్‌కి దేశం మొత్తమ్మీద రిటైల్ ద్రవ్యోల్బణం 5.22 శాతం. పారిశ్రామిక కార్మికుల కోసం కేంద్ర లేబర్ బ్యూరో విడిగా వేసే ధరల సూచీ చూస్తే ఇంకా తక్కువ, అదే నెలకి 3.53 శాతం. ఎటు చూసినా ఆయన ఇచ్చిందే ఎక్కువ. అయినా నవంబర్ ఒక్క నెలలోనే ఇద్దరు కౌంటరు కుర్రాళ్ళు మానేశారు. ఆ నెలలో రాంగ్ పార్టులు వెళ్ళి, వెనక్కొచ్చిన సరుకు గోడౌను మూలన గుట్టగా పడి ఉంది. లారీ విడిభాగాల్లో ఒక్క అంకె తేడాతో వేరే మోడల్ పార్టు వచ్చేస్తుంది. ఆ నంబర్లు కొత్తవాడి తలకెక్కడానికి కనీసం మూడు నెలలు పడుతుంది.

మార్కెట్ రేటు కంటే తక్కువ ఇస్తున్నారేమో అనుకున్నాను మొదట. నా క్లయింట్లలో అదే లైనులో ఉన్న షాపుల షీట్లు చూశాను. కౌంటరు సేల్స్‌మన్‌కి అనుభవాన్ని బట్టి 17 వేల నుంచి 20 వేలు నడుస్తోంది. ఈ షాపు సరిగ్గా మధ్యలో ఉంది. కాబట్టి ఎదురు షాపువాడు ఎక్కువిచ్చి లాక్కుపోయాడన్న మాట నిలబడలేదు. మానేసిన ఆరుగురిలో ఒక్కడే అదే వీధిలో చేరాడు. ఒకడు హైదరాబాద్ వెళ్ళాడు, ఇద్దరు డెలివరీ బండ్లెక్కారు, ఒకడు మామగారి ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టాడు. బిల్లింగులో పనిచేసే అమ్మాయి ఇల్లు మారి, దూరమైపోయిందని మానేసింది.

ఈ ఇల్లు మారడమన్న మాట దగ్గర నేను ఆగాను.

ఖర్చుల పట్టీ

ఫిబ్రవరిలో రెండు శనివారాలు షాపులోనే కూర్చున్నాను. ఇష్టమైనవాళ్ళు వచ్చి నెల ఖర్చు చెప్పమన్నాను. పేరు రాయను, ఓనరుకి చూపించను అన్నాక పదకొండు మంది వచ్చారు. తెల్ల కాగితం మీద ఎడమవైపు 2024 మార్చి, కుడివైపు 2025 ఫిబ్రవరి. అద్దె, బియ్యం, కూరలు, పాలు, గ్యాసు, కరెంటు, పెట్రోలు, స్కూలు ఫీజు, సెల్లు, మందులు, చీటీ, కంతులు. మందులంటే డాక్టరు రాసేవే. రెండో రకం మందు ఖర్చు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాటిలో ఒక కాగితం గురించి వివరంగా చెప్పాలి. కౌంటరులో ఐదేళ్ళుగా ఉన్న మనిషి. భార్య, ఒక పాప. జీతం 18,500. పీఎఫ్ 1,560, ఈఎస్‌ఐ 139, వృత్తి పన్ను 150 పోగా చేతికి 16,651 వస్తుంది. ఎనిమిది శాతం పెంపు వల్ల కాగితం మీద పెరిగింది 1,370. కోతలు పోను చేతికి అదనంగా వచ్చింది సుమారు 1,240.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు ఈయన సింగ్ నగర్‌లో కింద పోర్షన్‌లో ఉన్నాడు. అప్పుడు అద్దె 5,000. నీళ్ళు తీశాక ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను పనికిరాకుండా పోయాయి. బండి ఇంజనులో బురద చేరింది. మళ్ళీ అదే ఇంట్లోకి వెళ్ళనని భార్య పట్టుబట్టింది. కానూరు వైపు మేడ మీద పోర్షన్ చూసుకున్నారు, అద్దె 7,500. ఫ్రిజ్జుకీ, బండి రిపేరుకీ ఫైనాన్సులో తీసుకున్నదానికి నెలకి 1,450 కంతు. పాప యూకేజీ నుంచి ఒకటో తరగతికి వెళ్తే ఫీజు ఏడాదికి 4,000 పెరిగింది, అంటే నెలకి 333. కలిసొచ్చింది ఒక్కటే, షాపు దగ్గరైంది కాబట్టి పెట్రోలులో 550 దాకా మిగులుతోంది. మన రాష్ట్రంలో లీటరు వంద దాటి ఎన్నో రోజులైంది కదా, ఆ మాత్రం మిగులు కూడా తెలుస్తుంది.

కూడి, తీసి చూస్తే నెలకి 3,733 అదనపు భారం. వచ్చింది 1,240. కూరగాయలూ నూనే ఇందులో కలపలేదు, అవి వేరే.

ఓనరు లెక్క ప్రకారం ఈయనకి ధరల కంటే ఎక్కువే ఇచ్చారు. ఈయన లెక్క ప్రకారం నెలకి రెండున్నర వేలు తరుగు. రెండూ నిజమే, ఇద్దరూ వేర్వేరు వస్తువుల్ని కొలుస్తున్నారు.

సూచీ దేన్ని కొలుస్తుంది?

జీతాలకి సూచీని జత చెయ్యాలనుకునే ప్రతి ఓనరుకీ ఇది చెబుతుంటాను. కార్మికుల సూచీ ఇప్పుడు 2016ని 100గా తీసుకుని నడుస్తోంది. అందులో ఆహారం, పానీయాల వాటా 39.17 శాతం. అంతకుముందు 2001 ఆధారంగా నడిచినప్పుడు 46 శాతం పైన ఉండేది. ఇంటి వాటా 16.87. చదువు, వైద్యం, ప్రయాణం, సెల్‌ఫోను లాంటివన్నీ కలిపిన ఇతరాల వాటా 23 నుంచి 30.31కి పెరిగింది. అంటే తిండి వాటా తగ్గి ఫీజులు, ఆసుపత్రి, బస్సు చార్జీల వాటా పెరిగిందని ప్రభుత్వ లెక్కే ఒప్పుకుంది. ఈ సూచీకి ధరలు సేకరించే కేంద్రాల్లో మనకు దగ్గరిది గుంటూరు. అక్కడి ధరలు విడిగా వస్తాయి కాబట్టి నేను ఆ వరసే చూస్తాను.

ఇంటి అద్దె విషయంలో ఒక మెలిక ఉంది. సూచీలో ఇంటి లెక్క ఆరు నెలలకొకసారి, జనవరిలోనూ జులైలోనూ మారుతుంది. అది చూసేది కూడా ఎంచుకున్న ఇళ్ళలో అద్దె ఎంత మారిందన్నది. పాత ఇంట్లో పదేళ్ళుగా ఉన్నవాడికి ఇంటి ఓనరు మొహమాటంతో ఏడాదికి మూడొందలు పెంచుతాడు. ఇల్లు మారినవాడు ఆ రోజు మార్కెట్ రేటు కట్టాలి, పైన అడ్వాన్సు. సింగ్ నగర్, పాయకాపురం వైపు నుంచి ఒకేసారి అంతమంది ఇళ్ళు వెతుక్కుంటూ బయల్దేరితే మేడ మీద పోర్షన్లకి రేటు పెరగకుండా ఎలా ఉంటుంది? ఆ పెంపు మారినవాళ్ళ జేబులో పూర్తిగా, సగటులో కొంచెంగా కనిపిస్తుంది.

ఇక కంతులు. పోయిన ఫ్రిజ్జు బదులు ఇంకో ఫ్రిజ్జు కొనడం ధర పెరగడం కాదు. ఫ్రిజ్జు ధర అంతే ఉండొచ్చు. అప్పు వాయిదా ధరల సూచీలోకి రాదు, రాకూడదు కూడా. కానీ ఒకటో తారీఖున జీతం పడగానే ముందు లాక్కునేది అదే.

అన్నట్టు ఈ ఊరికి అద్దెల కుదుపు కొత్తేమీ కాదు. 2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాద్ నుంచి తరలి వచ్చినప్పుడు ఒక ఊపు, తర్వాత రాజధాని మాట అటూ ఇటూ అయినప్పుడు ఒక స్తబ్దత, మళ్ళీ 2024 ఎన్నికల తర్వాత ఒక కదలిక. ఆటోనగర్ గోడౌనులో పనిచేసేవాడికి అమరావతితో ప్రత్యక్షంగా పనిలేదు. అద్దె రూపంలో మాత్రం సంబంధం ఉంది.

హైదరాబాద్ వెళ్ళినవాడి సంగతి

మానేసిన ఆరుగురిలో ఇతను ఫిబ్రవరి ఆఖరులో తిరిగొచ్చాడు. సిగ్గుపడుతూ వచ్చాడు, ఓనరు గారు ఏమీ అనకుండా చేర్చుకున్నారు. నాకు మాత్రం వివరాలు కావాలి కాబట్టి టీ తాగిద్దామని తీసుకెళ్ళి అడిగాను.

ఇక్కడ ఇంచుమించు 18,500. అక్కడ 24,000 అన్నారు. 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ లేదు. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 22,000. అంటే ఇక్కడికంటే 5,350 ఎక్కువ. పెళ్ళాం పిల్లలు ఇక్కడే ఉన్నారు, స్కూలు మధ్యలో మార్చలేరు కదా. ఇక్కడి అద్దె ఇక్కడే. అక్కడ షేరింగ్ రూముకి 6,000, మెస్సుకి 4,500. నెలకి రెండుసార్లు రావడం పోవడం 1,200. ఇంట్లో ఇతని తిండి ఖర్చు తగ్గింది ఒక 2,500 అనుకుందాం. నికరంగా 9,200 పెరిగింది. 5,350 కోసం 9,200.

"ముందే లెక్క వేసుకోలేదా తమ్ముడూ?" అన్నాను.

"24 అనగానే ఇంకేం వినబడలేదు సార్."

ఊరికీ ఊరికీ తేడా ఎంత ఉండాలన్నదానికి కేంద్ర ప్రభుత్వం దగ్గర ఒక మోటు కొలత ఉంది. వాళ్ళ ఇంటి అద్దె భత్యంలో హైదరాబాద్ ఎక్స్ తరగతి, విజయవాడ, గుంటూరు రెండూ వై తరగతి. కరువు భత్యం 50 శాతానికి చేరాక ఎక్స్‌కి మూల వేతనంలో 30 శాతం, వైకి 20 శాతం. అంటే ఒకే పనికి రెండు ఊళ్ళ మధ్య మూల వేతనంలో పదో వంతు తేడా. కుటుంబంతో సహా మారే ఉద్యోగికి వేసిన లెక్క అది. రెండు కాపురాలు పెట్టేవాడికి ఆ తేడా ఒక మూలకి కూడా రాదు. ఈ కథ షాపులో నా కంటే ముందే అందరికీ చేరింది. ఆ తర్వాత హైదరాబాద్ పేరు చెప్పి జీతం అడిగినవాళ్ళు లేరు.

ఓనరు ఎంత ఇవ్వగలడు

జీతాల మీద రాసేవాళ్ళు ఈ వైపు తొందరగా దాటేస్తారు. నేను దాటలేను, ఫీజు ఇచ్చేది ఆయనే.

నెల జీతాల బిల్లు అప్పటికి 7.1 లక్షలు. అందరికీ పది శాతం అంటే నెలకి 71,000. అక్కడితో ఆగదు. పెరిగిన మూల వేతనం మీద యజమాని పీఎఫ్ వాటా చార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్ళకి 3.25 శాతం. అన్నీ కలిపితే నెలకి 80 వేలకి దగ్గర, ఏడాదికి 9.6 లక్షలు. బోనసు, గ్రాట్యుటీ మీద పడే బరువు వేరు.

మరోవైపు ఆరుగురు మానేసినందుకు ఎంత నష్టం? రాంగ్ పార్టులు, రిటర్ను ట్రాన్స్‌పోర్టు, కొత్తవాళ్ళకి నేర్పించే సమయం, ఖాళీగా ఉన్న కౌంటరు వల్ల పోయిన అమ్మకం. ఓనరూ నేనూ కూర్చుని మనిషికి 45 వేల దాకా వేశాం. మొత్తం 2.7 లక్షలు. అంటే నిజాయతీగా చెప్పాలంటే, మనుషులు పోతున్నారన్న ఒక్క కారణంతో అందరికీ పది శాతం ఇవ్వడం ఈ షాపుకి గిట్టదు. మెకానిక్కులకి, చిన్న డీలర్లకి ఇచ్చిన ఉద్దర మూడు నెలలకి గానీ రాదు. జీతం మాత్రం ఒకటో తారీఖుకి పడాలి.

కాబట్టి శాతం అన్న మాటే పక్కన పెట్టమన్నాను. పది శాతం అంటే 13 వేలవాడికి 1,300, 40 వేల మేనేజరుకి 4,000. ఆ కంది పప్పు, ఆ అద్దె, ఆ గ్యాసు బండ ఇద్దరికీ ఒకటే రేటు. జీవన వ్యయం పేరు చెప్పి ఇచ్చేది రూపాయల్లోనే ఉండాలన్నది నా పక్షం. పనితనానికి ఇచ్చేది కావాలంటే శాతంలో ఇచ్చుకోవచ్చు.

2025 ఏప్రిల్ నుంచి అమలు చేసింది ఇది. 20 వేల లోపు జీతం ఉన్న 27 మందికి నెలకి 1,500, పైన ఉన్న 11 మందికి 1,000. మొత్తం 51,500, జీతాల బిల్లులో ఏడుంపావు శాతం. స్కూలు పిల్లలున్న 19 మందికి జూన్‌లో ఒక్కసారి 6,000, ఏడాదికి 1.14 లక్షలు. ఫీజు జూన్‌లో గొంతు మీద కూర్చుంటుంది, దాన్ని పన్నెండు ముక్కలు చేసి ఇస్తే నెలనెలా కరిగిపోతుంది తప్ప జూన్‌కి మిగలదు. ఇక ఇల్లు మారేవాళ్ళకి వడ్డీ లేకుండా 20 వేల దాకా అడ్వాన్సు, పది నెలల్లో జీతంలోంచి కోత. యజమాని చందాలతో కలిపి మొత్తం ఏడాదికి ఎనిమిది లక్షల చిల్లర. అందరికీ పది శాతం ఇచ్చేదానికంటే లక్షన్నర తక్కువ.

అడ్వాన్సు పథకం కాగితం మీద చిన్నది. స్టాఫు ఎక్కువగా మాట్లాడుకున్నది దాని గురించే. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటున్న ఇద్దరు మొదటి నెలలోనే తీసుకుని ఆ అప్పు తీర్చేశారు. ఇల్లు మారడానికి అని రాసుకున్నాం, ఓనరు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

నా పొరపాటు

ఏప్రిల్ 20 ప్రాంతంలో లైను సేల్స్ చూసే ఆయన మా గవర్నర్‌పేట ఆఫీసుకి వచ్చాడు. చేతిలో పెంపు లెటరు.

"సార్, నాకీ వెయ్యి వద్దండీ. రాసిస్తాను, తీసెయ్యండి."

ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పెంపు వద్దని వచ్చిన మనిషిని అదే మొదటిసారి చూడటం. జీతం 20,400. వెయ్యి కలిస్తే 21,400. ఈఎస్‌ఐ పరిమితి 21,000 దగ్గర ఆగిపోయి 2017 జనవరి నుంచి కదల్లేదు. వాళ్ళమ్మకి షుగరు, గుండె జబ్బు. నెలనెలా మందులు గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి నుంచి తెచ్చుకుంటున్నారు. బయట కొంటే నాలుగు వేల పైమాటే అన్నాడు. అంటే నేను 1,000 ఇచ్చి 4,000 ఖర్చు తగిలించాను.

పైగా నేను ఎంచుకున్న తేదీ ఇంకా అధ్వాన్నం. ఈఎస్‌ఐలో చందా కాలాలు రెండు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. కాలం మొదలయ్యాక మధ్యలో జీతం పరిమితి దాటితే ఆ కాలం చివరిదాకా కవరేజీ నడుస్తుంది. కాలం మొదటి రోజు నుంచే దాటితే ఆ రోజుతోనే బయటికి. నేను సరిగ్గా ఏప్రిల్ 1 నుంచి పెంచాను. మే నుంచి ఇచ్చి ఉంటే సెప్టెంబర్ దాకా ఇబ్బంది ఉండేది కాదు. అంతకుముందు కట్టిన చందాల వల్ల కార్డు వెంటనే ఆగిపోదు, డిసెంబర్ దాకా పనిచేస్తుంది. అయినా ఆ తర్వాతేమిటి?

షీటు తీసి చూస్తే ఆ గీత పక్కనే మొత్తం నలుగురున్నారు. పెంపు మొత్తం ఎంతవుతుంది, ఓనరుకి ఎంత పడుతుంది అని మూడు రకాలుగా లెక్క కట్టినవాణ్ణి, 21,000 దగ్గర ఫిల్టరు పెట్టి చూడలేదు. రోజూ ఈఎస్‌ఐ చలానాలు కట్టేవాడు చెయ్యకూడని తప్పు ఇది.

ఏప్రిల్ జీతం ఇంకా పడలేదు కాబట్టి సరిదిద్దడానికి వీలైంది. నలుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి రెండు దారులూ చెప్పాను. ఇద్దరు పెళ్ళికాని కుర్రాళ్ళు డబ్బే కావాలన్నారు. వాళ్ళకి షాపు తరఫున గ్రూపు ఆరోగ్య పాలసీ తీసుకున్నాం. మిగతా ఇద్దరూ ఈఎస్‌ఐలోనే ఉంటామని రాసిచ్చారు. వాళ్ళకి నెలవారీ పెంపు ఆపి, ఆ 12,000 దసరాకి ఒకేసారి ఇచ్చేట్టు మార్చాం. రెండు నెలలకి మించిన వ్యవధిలో ఇచ్చే మొత్తం అప్పటి ఈఎస్‌ఐ చట్టం ప్రకారం వేతనంలోకి వచ్చేది కాదు. ఓవర్‌టైము కూడా అప్పట్లో చందాకి లెక్కే గానీ పరిమితికి లెక్క అయ్యేది కాదు. చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. చందా ఎగ్గొట్టడానికి అందరికీ ఇలా చేస్తే మాత్రం తనిఖీలో నిలబడదు, నేను చెయ్యనూ చెయ్యను.

స్టోర్ కీపర్ అలక

రెండో దెబ్బ జూన్‌లో తగిలింది. అందరూ బాబాయ్ అని పిలిచే స్టోర్ కీపర్, 22 ఏళ్ళ సర్వీసు, జీతం 26,000. ఏ పార్టు ఏ ర్యాకులో ఉందో కంప్యూటరు కంటే ముందే చెబుతాడు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. షాపుకి వెళ్తే టీ చెప్పేవాడు, అదీ లేదు.

కారణం ఓనరు గారే చెప్పారు. పాత పద్ధతిలో ఎనిమిది శాతం అయితే బాబాయ్‌కి 2,080 వచ్చేది. నా రూపాయల పద్ధతిలో 1,000 వచ్చింది. నిన్నగాక మొన్న చేరిన గోడౌను కుర్రాడికి 1,500. "వాడి పొట్టకీ నా పొట్టకీ తేడా లేదని నాకూ తెలుసు. ఇరవై రెండేళ్ళకి కూడా తేడా లేదా?" అన్నాడట.

ఇది నేను ఊహించి ఉండాల్సింది. కనీస వేతనాల మీద ఉన్నవాళ్ళకి మన రాష్ట్రంలో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కరువు భత్యం పాయింట్లు కలుస్తాయి. కింది మెట్టు దానంతటదే పైకి జరుగుతూ ఉంటుంది. పై మెట్టుని ఎవరూ జరపరు. పదేళ్ళు అలా వదిలేస్తే ఇద్దరి మధ్య ఎడం చెరిగిపోతుంది. ఎడాన్ని శాతం కాపాడుతుంది, నేను దాన్ని తీసేసి ఆ స్థానంలో ఏమీ పెట్టలేదు.

జులై నుంచి సర్వీసు ఏడాదికి 50 రూపాయల చొప్పున నెలకి సీనియారిటీ భత్యం కలిపాం. బాబాయ్‌కి 1,100. షాపు మొత్తానికి సర్వీసు ఏళ్ళు 190, నెలకి 9,500. ఈసారి ముందు 21,000 గీత దగ్గర ఎవరున్నారో చూసుకుని కలిపాను. జులై అంటే చందా కాలం మధ్య, కాబట్టి ఎవరైనా దాటినా సెప్టెంబర్ దాకా వ్యవధి ఉంది. బాబాయ్ మళ్ళీ టీ చెబుతున్నాడు. చక్కెర వెయ్యమనడం మాత్రం మానేశాడు, అది అలకో నా వయసు మీద జాలో తెలియదు.

ఆగస్ట్ 15న స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. బిల్లింగులో, ఫోను ఆర్డర్లలో పనిచేసే ఆరుగురు అమ్మాయిల్లో ముగ్గురు షేర్ ఆటో మానేసి బస్సెక్కుతున్నారు. నెలకి తొమ్మిదొందలు, వెయ్యి మిగులుతోందని చెప్పారు. షాపు పైసా పెట్టకుండా వాళ్ళ జీతం ఐదారు శాతం పెరిగినట్టు. "అయితే వాళ్ళకి వచ్చే ఏడాది కొంచెం తగ్గిద్దామా?" అని ఓనరు గారు నవ్వుతూనే అడిగారు. నేను నవ్వలేదు. బస్సు కోసం ఉదయం ఇరవై నిమిషాలు ముందు బయల్దేరుతున్నారు, ఆ ఇరవై నిమిషాలు వాళ్ళవే.

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మానేసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒక అమ్మాయికి పెళ్ళయి ఏలూరు వెళ్ళింది. రిటర్ను సరుకు గుట్ట సగానికి తగ్గింది. ఇదంతా నా పథకం గొప్పే అని చెప్పుకోను. ఆ ఏడు వేసవి తర్వాత అదే వీధిలో రెండు షాపులు కొత్తగా ఎవర్నీ తీసుకోలేదు. పోవడానికి చోటు లేనప్పుడు మనుషులు ఉన్నచోటే ఉంటారు. ఎంత భాగం జీతం వల్ల, ఎంత భాగం వీధి వల్ల అని విడదీసే తూకం నా దగ్గర లేదు. అడ్వాన్సు తీసుకున్న ఏడుగురిలో ఒక్కరూ మానలేదన్నది మాత్రం షీటులో కనిపిస్తోంది. తీరేదాకా మానలేరు కూడా, అది వేరే సంగతి.

నవంబర్ ఆఖరులో మళ్ళీ ఓనరు గారి ఫోను.

"ఏవండీ, చూశారా? అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం పావు శాతమేనట. ఈసారి ఇంక్రిమెంటు అక్కర్లేదుగా?"

0.25 శాతం. ఆయన మళ్ళీ అంకె సరిగ్గానే చెప్పారు. అప్పటి రిటైల్ ధరల సూచీ వరసలో అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. ఆహార పదార్థాల వరకే చూస్తే సున్నాకి కింద, మైనస్ ఐదు. ముందు ఏడాది అక్టోబర్‌లో కూరగాయలు మండిపోయాయి కాబట్టి వాటితో పోలిస్తే ఈ ఏడాది తగ్గినట్టు. పైన సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. పటమట రైతు బజారులో సంచి నిండినమాట నిజమే. దానికీ కానూరు పోర్షన్ అద్దెకీ సంబంధం లేదు. కౌంటరు మనిషికి జనవరి నుంచి ఇంకో 500 ఎక్కువ కట్టమని ఇంటివాళ్ళు అప్పటికే చెప్పేశారు.

నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు కూడా అమల్లోకి వచ్చాయి. వేతనం అన్న మాటకి నిర్వచనమే మారింది, మొత్తంలో సగానికి మించి భత్యాల కింద చూపిస్తే ఆ మించినదాన్ని వేతనంలోనే కలపాలి. దసరాకి ఒకేసారి ఇచ్చే మా ఏర్పాటూ, ఈఎస్‌ఐ గీతా అన్నీ మళ్ళీ మొదట్నుంచి సరిచూడాలి. అదంతా ఫోనులో చెప్పే పని కాదు.

"మీ గోడౌను అద్దె ఈ ఏడు ఎంత పెంచారండీ?" అని అడిగాను.

కాసేపు లైనులో లారీ హారన్లు తప్ప ఏమీ వినపడలేదు.

"పది శాతం," అన్నారు. "అగ్రిమెంటులో ఉందిలెండి."

శనివారం వస్తానని చెప్పాను. తెల్ల కాగితాలు ఈసారి ఒక ఇరవై తీసిపెట్టమన్నాను.